మద్యం మత్తులో వాహనం నడిపితే: శిక్ష ఎంత, సంస్కరణ ఎలా?

జాముల్ (దుర్గ్ జిల్లా, ఛత్తీస్‌గఢ్): భిలాయ్ ఉక్కు నగరాన్ని ఆనుకొని ఉన్న జాముల్ పురపాలక పట్టణం పూర్తిగా పారిశ్రామిక ప్రాంతం. 1965 నాటి ఏసీసీ సిమెంటు కర్మాగారానికీ, దాని చుట్టూ విస్తరించిన పారిశ్రామిక వాడకూ సరకు చేరవేసే లారీలు, షిఫ్టు ముగించుకొని ద్విచక్ర వాహనాలపై ఇళ్లకు మళ్లే కార్మికులు ఒకే దారిని పంచుకోవాలి. ఉక్కు కర్మాగారం నిర్మాణ కాలం నుంచి ఇక్కడికి వలస వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ దారులు నిత్యం తిరిగేవే. ఇలాంటి చోట మద్యం తాగి వాహనం నడిపిన వ్యక్తిని సమాజం ఏం చేయాలి? ఒకవైపు ఎదురుగా వచ్చే మనిషి ప్రాణం ఉంది. మరోవైపు లైసెన్సే జీవనాధారమైన డ్రైవరు కుటుంబం ఉంది. ఈ రెండింటినీ కాపాడే మార్గం కేవలం జరిమానా పెంచడంలో లేదని దేశ, విదేశాల అనుభవం చెబుతోంది.

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వాటిలో మద్యం లేదా మత్తు పదార్థాల ప్రభావంతో నడపడం వల్ల సంభవించినవిగా నమోదైన మరణాలు సుమారు 4,200. అయితే ప్రమాదం జరిగిన ప్రతిసారీ డ్రైవరు రక్తాన్ని పరీక్షించడం లేదు. మత్తులో ఉన్న డ్రైవరు వేగంగా వెళ్లి ఢీకొంటే అది ‘అతివేగం’ ఖాతాలో చేరే అవకాశమే ఎక్కువ. అందువల్ల ఈ సంఖ్యను కనీస అంచనాగానే చూడాలి.

నేరం ఎప్పుడవుతుంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నట్లు పరీక్షలో తేలితే వాహనం నడపడం నేరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసే గరిష్ఠ పరిమితి 50 మిల్లీగ్రాములు. ఇంగ్లండులో అది నేటికీ 80. అంటే పరిమితి విషయంలో మన చట్టం ఎన్నో దేశాల కంటే కఠినమైనదే. వాహనం అదుపు తప్పిందా, ఎవరికైనా హాని జరిగిందా అన్నదానితో ఈ సెక్షనుకు నిమిత్తం లేదు. పరిమితి దాటి నడపడమే నేరం.

సెక్షన్ 203 కింద పోలీసులు శ్వాస పరీక్ష చేయవచ్చు. సెక్షన్ 202 కింద వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. అయితే అరెస్టయిన రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరగాలి, లేకుంటే విడిచిపెట్టాలి. సరైన కారణం లేకుండా పరీక్షకు నిరాకరిస్తే, ఆ నిరాకరణ నిందితుడికి వ్యతిరేకంగా సాక్ష్యంగా నిలుస్తుందని సెక్షన్ 205 చెబుతోంది. నోటి నుంచి వాసన వచ్చిందనో, నడక తడబడిందనో మాత్రమే ఒకరు తాగి ఉన్నారని నిర్ధారించలేమని సుప్రీంకోర్టు 1971లోనే స్పష్టం చేసింది. పరీక్ష ఫలితాన్ని సక్రమంగా నమోదు చేయడం అందుకే కీలకం.

కార్మిక ప్రాంతాల్లో తరచూ మరచిపోయే అంశం మరొకటి ఉంది. శరీరం గంటకు సగటున 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే రక్తంలోని ఆల్కహాలును తగ్గించగలదు. అర్ధరాత్రి 150 మిల్లీగ్రాముల స్థాయిలో ఉన్న వ్యక్తి చట్టబద్ధ పరిమితికి దిగడానికి ఇంచుమించు ఎనిమిది గంటలు పడుతుంది. ఉదయం షిఫ్టుకు బండి తీసేవేళకు తాను తేరుకున్నానని అతడు అనుకోవచ్చు. రక్తం ఆ మాట ఒప్పుకోదు. కాఫీ, నిమ్మరసం, చన్నీటి స్నానం ఈ వేగాన్ని పెంచలేవు.

చట్టంలో ఉన్న శిక్షలు

2019 సవరణ ఆ ఏడాది సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు తొలిసారి పట్టుబడితే జరిమానా గరిష్ఠంగా 2,000 రూపాయలు ఉండేది. ఇప్పుడు తొలి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. హెల్మెట్ లేని ప్రయాణం వంటి ఉల్లంఘనల్లా ఇది రోడ్డు మీదే రుసుము కట్టి ముగించుకునే నేరం కాదు. సెక్షన్ 200 కింద రాజీ పడదగిన నేరాల జాబితాలో 185 లేదు. కాబట్టి నిందితుడు మేజిస్ట్రేటు ముందుకు వెళ్లాల్సిందే.

లైసెన్సుపై ప్రభావం జరిమానా కంటే పెద్దది. దోషిగా తేలితే కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హుడిగా ప్రకటించాలని సెక్షన్ 20 న్యాయస్థానాన్ని నిర్దేశిస్తోంది. పోలీసులు స్వాధీనం చేసుకొని పంపిన లైసెన్సుపై రవాణా అధికారి సెక్షన్ 19 కింద తొలిసారి మూడు నెలల అనర్హత విధించవచ్చు, మళ్లీ పట్టుబడితే రద్దు చేయవచ్చు. ఆ గడువు ముగిశాక కూడా పునశ్చరణ శిక్షణ పూర్తి చేస్తేనే లైసెన్సు తిరిగి ఇవ్వాలని 2019 సవరణ షరతు పెట్టింది. మన చట్టంలో సంస్కరణకు తెరిచిన తలుపు ఇదొక్కటే. అయితే ఈ శిక్షణ నడిపే నైపుణ్యానికి సంబంధించినది. తాగుడుకు చికిత్స ఇందులో భాగం కాదు.

తాగి నడిపేవారిని ప్రోత్సహించిన వారికీ సెక్షన్ 188 కింద అదే శిక్ష వర్తిస్తుంది. మత్తులో ఉన్నాడని తెలిసి తాళం చెవి చేతికిచ్చిన యజమాని, పక్కన కూర్చొని ఉసిగొల్పిన మిత్రుడు దీని పరిధిలోకి రావచ్చు. బీమా విషయంలోనూ దెబ్బ తప్పదు. డ్రైవరు మత్తులో ఉంటే సొంత వాహన నష్టానికి పరిహారాన్ని బీమా సంస్థ నిరాకరించవచ్చని సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పింది. బాధితులకు ముందుగా బీమా సంస్థ చేత పరిహారం ఇప్పించి, ఆ సొమ్మును వాహన యజమాని నుంచి రాబట్టుకోనిచ్చే పద్ధతినీ న్యాయస్థానాలు అనుసరిస్తున్నాయి.

ప్రాణం పోతే

మత్తులో నడిపి ఒకరి మరణానికి కారణమైతే విషయం మోటారు వాహనాల చట్టాన్ని దాటుతుంది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యంతో కలిగించిన మరణానికి ఐదేళ్ల వరకు శిక్షను నిర్దేశించింది. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లే. ప్రాణహాని జరగవచ్చని తెలిసీ నడిపాడని రుజువైతే, హత్య కిందకు రాని నేరపూరిత నరహత్యగా సెక్షన్ 105 వర్తిస్తుంది.

ఈ తేడాను నిర్ణయించిన రెండు తీర్పులు 2012లోనే వెలువడ్డాయి. 2006 నవంబరులో ముంబయి కార్టర్ రోడ్డు పక్కన నిద్రిస్తున్న కూలీల మీదుగా కారు వెళ్లి ఏడుగురు మరణించిన కేసులో దిగువ న్యాయస్థానం ఆరు నెలల శిక్షతో సరిపెట్టింది. హైకోర్టు దాన్ని మూడేళ్లకు పెంచగా, సుప్రీంకోర్టు సమర్థించింది. 1999 జనవరిలో ఢిల్లీలో ముగ్గురు పోలీసులు సహా ఆరుగురిని బలిగొన్న బీఎండబ్ల్యూ కారు కేసులో నేరాన్ని నరహత్యగానే నిర్ధారించినా, అప్పటికే అనుభవించిన రెండేళ్ల జైలు చాలునని భావించిన అత్యున్నత న్యాయస్థానం 50 లక్షల రూపాయల చెల్లింపును, రెండేళ్ల సామాజిక సేవను జోడించింది. ధనవంతుడికి డబ్బుతో శిక్ష తగ్గిందన్న విమర్శ అప్పుడు వినిపించింది. శిక్షలో పరిహారానికి, సేవకు చోటు కల్పించిన తీర్పుగానూ అది గుర్తుండిపోయింది. నిర్లక్ష్యంగా నడిపి మరణానికి కారణమైనవారికి ప్రొబేషన్ వెసులుబాటును సాధారణంగా ఇవ్వరాదని 2000 సంవత్సరంలోనే సుప్రీంకోర్టు చెప్పిన విషయాన్ని కూడా ఇక్కడ గమనించాలి.

తీవ్రత కన్నా తప్పదన్న నమ్మకం ముఖ్యం

బ్రిటన్‌లో 1967లో శ్వాస పరీక్ష చట్టం వచ్చిన తొలి నెలల్లో రాత్రివేళ ప్రమాదాలు గణనీయంగా తగ్గాయి. కొంతకాలానికి ఆ ప్రభావం సన్నగిల్లింది. శిక్షలో మార్పు లేదు. పట్టుబడే అవకాశం తాము భయపడినంతగా లేదని డ్రైవర్లు గ్రహించడమే కారణమని పరిశోధకులు తేల్చారు. 1982 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఏ డ్రైవరునైనా, ఎప్పుడైనా ఆపి పరీక్షించే విధానం మొదలుపెట్టి, దానిని సడలించకుండా కొనసాగించింది. ఫలితమూ నిలిచింది.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే పాఠం. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 2011 చివర్లో క్రమబద్ధమైన తనిఖీలు మొదలుపెట్టారు. పట్టుబడినవారికి ట్రాఫిక్ శిక్షణ సంస్థల్లో కుటుంబ సభ్యుల సమక్షంలో కౌన్సెలింగ్ ఇచ్చి, ఆపై న్యాయస్థానంలో హాజరుపరిచే పద్ధతి నగరవాసులకు సుపరిచితమైంది. భార్య లేదా తండ్రి పక్కన కూర్చొని ప్రమాద దృశ్యాలు చూడాల్సి రావడం చాలామందికి జరిమానా కంటే బరువైన అనుభవం. అయితే ఆ తనిఖీలు ప్రధానంగా నగర కూడళ్లకు, వారాంతపు రాత్రులకు పరిమితం. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద 19 మంది బస్సు ప్రయాణికులు సజీవ దహనమైన దుర్ఘటన ఆ లోటును చూపింది. మద్యం మత్తులో బైకు నడిపిన యువకుడు డివైడరును ఢీకొని మరణించాడని, రోడ్డుపై పడి ఉన్న ఆ బైకును బస్సు ఈడ్చుకెళ్లడంతో మంటలు చెలరేగాయని పోలీసులు తెలిపారు. ఇక్కడ తాగింది కారు డ్రైవరు కాదు, లారీ డ్రైవరూ కాదు. ద్విచక్ర వాహనదారుడు తనకు తానే ముప్పు, ఇతరులకు కాదు అన్న భావన ఆ ఒక్క రాత్రితో పటాపంచలైంది. జాముల్ వంటి ద్విచక్ర వాహనాల పట్టణానికి ఇది నేరుగా వర్తించే హెచ్చరిక.

ఒకే జరిమానా, వేర్వేరు భారం

పది వేల రూపాయలు ఒక ఒప్పంద కార్మికుడికి దాదాపు నెల రోజుల సంపాదన. ఖరీదైన కారులో వచ్చిన వ్యక్తికి ఒక విందు ఖర్చు. చట్టం ముందు ఇద్దరూ సమానమే గానీ, శిక్ష బరువు సమానం కాదు. ఫిన్లాండ్ వంటి దేశాలు జరిమానాను రోజువారీ ఆదాయం ప్రాతిపదికన లెక్కిస్తాయి. మన చట్టంలో జరిమానా మొత్తం స్థిరంగా ఉన్నందున మేజిస్ట్రేటుకు ఆ వెసులుబాటు లేదు. పేద కుటుంబం అప్పు చేసి జరిమానా కట్టినప్పుడు శిక్ష పడేది తాగినవాడికన్నా ఎక్కువగా ఇంట్లోవారికే.

లైసెన్సు విషయంలో ఈ వ్యత్యాసం తిరగబడుతుంది. కారు యజమాని డ్రైవరును పెట్టుకోగలడు. లారీ డ్రైవరుకు ఆరు నెలల అనర్హత అంటే ఆరు నెలల నిరుద్యోగం. అలాగని అనర్హతను సడలించడం పరిష్కారం కాదు, ఎందుకంటే భారీ వాహనం నడిపేవారి పొరపాటుకు మూల్యం మరింత పెద్దది. ఆ ఆరు నెలలూ వృథాగా పోకుండా చికిత్సకు, ప్రత్యామ్నాయ పనికి ఉపయోగపడేలా చూడటమే చేయదగినది.

సామాజిక సేవ: హద్దులు

విశాఖపట్నంలో పట్టుబడినవారి చేత సముద్రతీరంలో చెత్త ఏరించిన ఉదంతం, మంచిర్యాలలో ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణను శుభ్రం చేయించిన ఉదంతం పత్రికల్లో ప్రముఖంగా వచ్చాయి. భారతీయ న్యాయ సంహిత తొలిసారిగా సామాజిక సేవను శిక్షల జాబితాలో చేర్చింది. బహిరంగ ప్రదేశంలో తాగి అనుచితంగా ప్రవర్తించడం ఆ శిక్ష పడదగిన నేరాల్లో ఒకటి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షనులో మాత్రం ఆ మాట ఇంకా చేరలేదు. మత్తులో రోడ్డుపై గొడవ చేసినవాడికి ఉన్న మార్గం, మత్తులో బండి నడిపినవాడికి చట్టపాఠంలో లేదు. దీనిని సరిదిద్దడం పార్లమెంటు పని.

సేవ ఏ రూపంలో ఉండాలన్నదీ ఆలోచించాలి. మెడలో పలక వేసి కూడలిలో నిలబెడితే అవమానం మిగులుతుంది. అవమానం తాగుడును మాన్పించడం అరుదు, పెంచడం తరచు. ఆసుపత్రి ప్రమాద విభాగంలో స్ట్రెచర్ నెట్టడం, గాయపడినవారి బంధువులకు తోడుగా నిలవడం వంటి పనులు నేరానికీ దాని ఫలితానికీ మధ్య సంబంధాన్ని కళ్లకు కడతాయి.

అలవాటా, వ్యాధా?

పట్టుబడినవారందరూ ఒకే తరహా వ్యక్తులు కారు. పెళ్లి విందులో తాగి, ‘ఇల్లు దగ్గరే కదా’ అని బండి తీసినవాడు ఒకరు. ప్రతి సాయంత్రం తాగనిదే చేతులు వణికేవాడు మరొకరు. మొదటివాడిని జరిమానా, అనర్హత మార్చగలవు. రెండోవాడు జరిమానా కట్టి, ఆ బాధతోనే మళ్లీ తాగుతాడు. ఇద్దరినీ వేరు చేసి చూడటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పది ప్రశ్నల పరీక్ష అందుబాటులో ఉంది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త దాన్ని కొద్ది నిమిషాల్లో పూర్తి చేయగలరు.

మద్యానికి పూర్తిగా బానిసైన వ్యక్తిని ఒక్కసారిగా జైలులో ఉంచితే వైద్యపరమైన ముప్పూ ఉంది. మద్యం ఆగిన రెండు, మూడు రోజుల్లో మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వల్ల మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగులు బారులు తీరడం తెలుగు ప్రజలు చూసినదే. జైలుకు పంపే ముందు వైద్య పరీక్ష అవసరమన్నది దయకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, ప్రాణరక్షణకు సంబంధించినది.

ఇతర దేశాలు చికిత్సను లైసెన్సుతో ముడిపెట్టాయి. బ్రిటన్‌లో న్యాయస్థానం సూచించిన పునరావాస తరగతులు పూర్తి చేసినవారికి నిషేధ కాలం నాలుగో వంతు వరకు తగ్గుతుంది. పదేపదే పట్టుబడినవారు, రక్తంలో అత్యధిక స్థాయి ఉన్నవారు వైద్య పరీక్షలో నెగ్గితే తప్ప లైసెన్సు తిరిగి రాదు. జర్మనీలో ఇలాంటివారికి వైద్య, మానసిక మదింపు తప్పనిసరి. స్వీడన్‌లో ఊపిరి ఊది, మద్యం లేదని తేలితేనే ఇంజను కదిలే పరికరాన్ని అమర్చుకొని నడపడానికి అనుమతి పొందవచ్చు. అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రం 2005లో మొదలుపెట్టిన విధానంలో దోషులు రోజుకు రెండుసార్లు శ్వాస పరీక్షకు హాజరు కావాలి. తాగినట్లు తేలితే వెంటనే ఒకటి, రెండు రోజుల జైలు. శిక్ష చిన్నదే గానీ తప్పించుకోలేనిది. ఆ విధానం అమలైన ప్రాంతాల్లో మళ్లీ పట్టుబడే కేసులు 12 శాతం తగ్గినట్లు 2013లో వెలువడిన అధ్యయనం పేర్కొంది. గృహ హింస అరెస్టులూ తగ్గాయి.

ఉక్కు నేల అనుభవం

బయటి దేశాల ఉదాహరణలకు ముందే ఈ ప్రాంతానికి సొంత అనుభవం ఉంది. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం అందించే దల్లీ రాజహరా గనుల్లో 1977 తర్వాత శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని కార్మిక సంఘం వేతనాల పోరాటంతో పాటు మద్య వ్యతిరేక ఉద్యమాన్నీ నడిపింది. పెరిగిన కూలి సారా దుకాణానికి చేరితే పోరాటం గెలిచినట్లు కాదన్నది వారి వాదన. మహిళలు అందులో ముందు నిలిచారు. 1983లో కార్మికుల సొమ్ముతోనే షహీద్ ఆసుపత్రి వెలిసింది. ఆ ఉద్యమం తర్వాత భిలాయ్ పరిశ్రమలకు, జాముల్ సిమెంటు కర్మాగారపు ఒప్పంద కార్మికులకు విస్తరించింది. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో హత్యకు గురయ్యారు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం తెలుగు నేలపై ఊపందుకున్నది 1992లో. ఈ రెండూ చెప్పేది ఒకటే: తాగేవాడిని వెలివేయకుండా, తాగుడును మాత్రం ఒప్పుకోని తోటివారి ఒత్తిడికి పోలీసు లాఠీకి లేని బలం ఉంది.

ప్రభుత్వ బాధ్యత కూడా ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 2017 నుంచి మద్యం చిల్లర విక్రయం ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉంది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో ఆదేశించినా, పురపాలక ప్రాంతాలకు అది వర్తించదని 2017లో స్పష్టత ఇచ్చింది. అమ్మకంపై ఆదాయం పొందుతున్న సంస్థకు, ఆ అమ్మకం ఫలితంగా రోడ్డెక్కే ప్రమాదాన్ని తగ్గించే ఖర్చులో వాటా ఉండాలనడం న్యాయమే.

ఏం చేయవచ్చు?

ఉన్న చట్టంతోనే కొన్ని పనులు సాధ్యం. వారాంతాల్లోనే కాక షిఫ్టులు మారే వేళల్లో, ఉదయం పూట కూడా తనిఖీలు జరగాలి. ఆర్టీసీ డిపోల్లో డ్యూటీకి ముందు డ్రైవర్లకు శ్వాస పరీక్ష చేస్తున్న తీరును కర్మాగారాల గేట్లు, లారీ యార్డులు అనుసరించవచ్చు. పరీక్షలో విఫలమైన డ్రైవరును ఆ రోజు బండి ఎక్కనివ్వకుండా ఆపితే ప్రమాదమూ తప్పుతుంది, కేసూ తప్పుతుంది. రాత్రి షిఫ్టు తర్వాత కంపెనీ బస్సు ఉంటే తాగిన చేతికి బండి తాళం అవసరం ఉండదు.

చట్టంలో మారవలసినవి మూడు. పునశ్చరణ శిక్షణలో మద్య వ్యసన మదింపు చేరాలి. వ్యసనం ఉన్నట్లు తేలితే చికిత్స పూర్తయ్యాకే లైసెన్సు తిరిగి రావాలి. జరిమానా ఆదాయానికి తగినట్లు ఉండాలి. మరణానికి కారణమైనవారి విషయంలో మాత్రం చికిత్స శిక్షకు తోడు కావాలే తప్ప ప్రత్యామ్నాయం కారాదు. తప్పు దిద్దుకునే అవకాశం డ్రైవరుకు ఎంత ముఖ్యమో, తమవారి ప్రాణానికి విలువ దక్కిందన్న భరోసా బాధిత కుటుంబానికి అంతే ముఖ్యం.

తాగుడు మానాలనుకునేవారు, వారి కుటుంబ సభ్యులు జాతీయ వ్యసన విముక్తి సహాయ కేంద్రాన్ని 14446 నంబరులో సంప్రదించవచ్చు. మానసిక ఆరోగ్య సలహా కోసం టెలీ మానస్ 14416 నంబరు తెలుగు, హిందీ సహా పలు భాషల్లో పనిచేస్తోంది. రెండూ ఉచితం.